మానవ హక్కుల పేరుతో పెద్ద దేశాలు చేసే విమర్శను పట్టించుకోవాలా?

"పెద్ద దేశాలు చిన్న దేశాలను మానవ హక్కుల పేరుతో నిలదీయడం లొంగదీసుకునే ఎత్తుగడే కదా, అలాంటి విమర్శను అసలు పట్టించుకోవాలా" అని మీరు అడిగారు. ఎత్తుగడ అన్న మాట చాలాసార్లు నిజమే. పట్టించుకోనక్కర్లేదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. నాకు ఈ అభిప్రాయం ఏర్పడటానికి కారణం ఇద్దరు మనుషులు. ఇద్దరూ మా వ్యాపారం వల్ల పరిచయమైనవారే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొండ మీదికి వెళితే సవర. మా నాన్నగారి కాలం నుంచి మాది మొక్కజొన్న కొని అమ్మే వ్యాపారం. మా జిల్లాలోనే మోహనా వైపు చంద్రగిరి దగ్గర టిబెటన్ల కాలనీ ఉంది, 1963లో ఏర్పడింది. అక్కడివారి ముఖ్యమైన పంట మొక్కజొన్నే. చలికాలం రాగానే స్వెటర్ల మూటలు కట్టుకుని పట్టణాలకు బయలుదేరుతారు. మీ ఊళ్ళో కూడా రోడ్డు పక్కన చూసే ఉంటారు.

అక్కడ కాటా పక్కన ఎప్పుడూ ఒక పెద్దాయన కూర్చునేవారు. గింజను పంటి కింద కొరికి తేమ ఎంతుందో చెప్పేవారు. నేను తీసుకెళ్ళిన మీటరు కూడా దాదాపు అదే అంకె చూపించేది. 1959లో పన్నెండేళ్ళ వయసులో తల్లితో కలిసి మంచు కొండలు దాటి వచ్చారట. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో విదేశీయుడిగా నమోదు చేసుకున్న పుస్తకం. పేజీల నిండా పోలీసు ముద్రలు. మడత దగ్గర చిరిగిన చోట అన్నం మెతుకులు మెదిపి కాగితం ముక్క అతికించారు. ఈ దేశంలో యాభై ఏళ్ళకు పైగా బతికిన మనిషి ఆ పుస్తకం లేకుండా బరంపురం దాకా కూడా వెళ్ళేవారు కాదు.

నేను వెళ్ళినప్పుడల్లా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "బాబూ, పేపర్లో మా గురించి ఏమైనా రాశారా?"

ఆయన చెప్పిన సంగతులను తర్వాత నేను చదివి సరిచూసుకున్నాను. 1950 అక్టోబరులో చైనా సైన్యం టిబెట్‌లోకి ప్రవేశించింది. నవంబరులో టిబెట్ రాజధాని లాసాలోని ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి మొర పెట్టుకుంది. ఆ మొరను సమితిలో ఎత్తుకున్న దేశం అమెరికా కాదు, 1904లో లాసా దాకా సైన్యాన్ని నడిపిన బ్రిటన్ కూడా కాదు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్! బ్రిటన్ వాయిదా వేద్దామంది. విషయం శాంతియుతంగా తేలుతుందని మన దేశ ప్రతినిధి నమ్మకం వెలిబుచ్చారు. చర్చ అక్కడే ఆగిపోయింది. 1959లో మళ్ళీ ఎత్తినవి మలయా (నేటి మలేషియాలో భాగం), ఐర్లండ్. టిబెటన్ల మానవ హక్కులను గౌరవించాలన్న తీర్మానం 45 ఓట్లతో నెగ్గింది. తొమ్మిది దేశాలు వ్యతిరేకించాయి, 26 దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. ఆ 26లో మనమూ ఉన్నాం. ఆశ్రయం ఇచ్చింది మనమే, ఓటు వేయనిదీ మనమే. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

ఎల్ సాల్వడార్ ఎక్కడ ఉందో చూపించమని పెద్దాయన అడిగారు. తర్వాతి వారం మా అబ్బాయి స్కూలు అట్లాసు తీసుకెళ్ళాను. నేను వేలు పెట్టి చూపించిన చోట ఆయన తన బొటనవేలు పెడితే దేశం మొత్తం ఆ వేలి కింద దాగిపోయింది. "ఇంత చిన్నదా!" అని మళ్ళీ మళ్ళీ వేలు తీసి చూశారు.

మరి అమెరికా? టిబెట్ పోరాట యోధులకు కొలరాడో కొండల్లో రహస్యంగా శిక్షణ ఇచ్చింది, ఆయుధాలు ఇచ్చింది. పెద్దాయన బాబాయి నేపాల్‌లోని ముస్తాంగ్ స్థావరంలో ఉండేవారట. 1972లో నిక్సన్ బీజింగ్ వెళ్ళారు. చైనాతో స్నేహం వైపు మళ్ళుతున్న ఆ కాలంలోనే సాయం ఆగిపోయింది, 1974కల్లా ముస్తాంగ్ స్థావరం మూతపడింది. మళ్ళీ 1993లో క్లింటన్, చైనాకు వాణిజ్య రాయితీ కొనసాగాలంటే మానవ హక్కుల పరిస్థితి మెరుగుపడాలని షరతు పెట్టారు. అందులో టిబెట్ మత, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడాలన్న మాట కూడా ఉంది. ఏడాది తిరిగేసరికి, 1994 మేలో, ఆ ముడిని ఆయనే విప్పేశారు. టిబెట్‌లో ఏదో బాగుపడిందని కాదు, వ్యాపారం పోతుందని. కాబట్టి మీ అనుమానం వట్టిది కాదు. పెద్ద దేశానికి అవసరం ఉన్నంతకాలం అది హక్కుల సమస్య. అవసరం తీరాక ఊసే ఉండదు.

అయితే మీ ప్రశ్నలో ఒక వైపే ఉంది. విమర్శ ఒక్కటే కాదు, విమర్శించవద్దని నోరు మూయించడం కూడా బలవంతుల చేతిలో ఆయుధమే. 2010లో చైనా అసమ్మతివాది లియూ షియావోబోకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఇచ్చింది నార్వేలోని స్వతంత్ర కమిటీ, చైనా చేతిలో శిక్ష పడింది నార్వే దేశానికి. ఆరేళ్ళపాటు సంబంధాలు స్తంభించాయి, చైనా మార్కెట్లో నార్వే సాల్మన్ చేపల అమ్మకం దెబ్బతింది. 2014లో దలైలామా నార్వే రాజధాని ఓస్లో వెళితే ప్రధాని కలవనేలేదు. 2016 డిసెంబరులో, చైనా కీలక ప్రయోజనాలను దెబ్బతీసే చర్యలకు మద్దతివ్వబోమని రాసి ఇచ్చాక గానీ రాజీ కుదరలేదు. అదే ఏడాది నవంబరులో దలైలామాను రానిచ్చిన మంగోలియా మీద రుణాల చర్చలు ఆపడం, సరిహద్దులో సుంకాలు పెంచడం వంటి ఒత్తిళ్ళు వచ్చాయి. ఇకపై ఆయనను ఆహ్వానించబోమని నెల తిరక్కుండానే ఆ దేశ విదేశాంగ మంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ వార్త నేనే చదివి వినిపించాను. పెద్దాయన "వాళ్ళకు చలికాలం కదా, బొగ్గు అమ్ముకోవాలి, ఏం చేస్తారు" అన్నారు. మంగోలియాను ఒక్క మాట కూడా అనలేదు.

అప్పటి నుంచి ఇలాంటి వార్త చదివితే నేను చూసేది ఒకటి: ఆ మాట అన్నందుకు అన్న దేశానికి పోయేది ఏమిటి? ఏమీ పోకపోగా లాభమే ఉంటే, ఆ దేశం చిత్తశుద్ధిని నమ్మను. కానీ చిత్తశుద్ధి లేనంత మాత్రాన ఆరోపణ అబద్ధమైపోదు. అది నిజమా కాదా అన్నది దెబ్బతిన్నవాళ్ళను అడిగి తేల్చుకోవాలి. ఈ రెండింటినీ కలిపేస్తేనే పొరపాటు. నేను ఆ పొరపాటు చేశాను.

2008 ఆగస్టులో విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య తర్వాత మా పొరుగు జిల్లా కంధమాల్‌లో క్రైస్తవుల ఇళ్ళు, ప్రార్థన మందిరాలు తగలబెట్టారు. వేలమంది అడవుల్లోకి, శిబిరాల్లోకి పారిపోయారు. ఆ శీతాకాలంలో ఒకామె ఇద్దరు పిల్లలతో మా గోదాముకు పని వెతుక్కుంటూ వచ్చింది. బస్తాల మూతులు కుట్టే పని ఇచ్చాం. దబ్బనం, పురికొస పట్టుకుని తల ఎత్తకుండా కుట్టేది. ఊరి పేరు తప్ప ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

2010 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ దౌత్య ప్రతినిధులు కంధమాల్ పరిస్థితి చూడటానికి వచ్చారు. నాకు చాలా కోపం వచ్చింది. మనల్ని రెండు వందల ఏళ్ళు దోచుకున్నవాళ్ళు మనకు హక్కులు నేర్పుతారా, ఇది మన అంతర్గత వ్యవహారం అని టీ తాగుతూ గట్టిగానే అన్నాను. గోదాములో ఉన్నవాళ్ళంతా అవునన్నారు.

"మా అంతర్గత వ్యవహారం" అన్న మాటనే 1946లో దక్షిణాఫ్రికా మన మీద వాడిందని తర్వాత చదివాను. అక్కడి భారతీయుల మీద వివక్షను మన దేశం, ఇంకా స్వాతంత్ర్యం కూడా రాకముందే, ఐక్యరాజ్యసమితిలో ఎత్తింది. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలో వెళ్ళిన బృందం ఆ వాదాన్ని ఎదుర్కొని 32–15 ఓట్లతో తీర్మానం గెలిపించింది. ఆ ఏడాదే దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకున్నాం. నష్టపోయి మరీ అడిగాం. ఆ రోజు మనం సరైన పని చేశామని నమ్మేవాడు, ఇంకొకరు మనల్ని అడిగినప్పుడు అంతర్గత వ్యవహారం అనే గోడ చాటుకు ఎలా వెళతాడు? నేను వెళ్ళాను.

టీ గ్లాసులు తీసేశాక అందరూ పనిలో పడ్డారు. ఆమె నా దగ్గరకు వచ్చి, "బాబూ, ఆ విదేశాల వాళ్ళు ఏయే ఊళ్ళకు వెళ్ళారో పేపర్లో ఉందా?" అంది. ఉందన్నాను. తన ఊరి పేరు చెప్పి, అది ఉందేమో చూడమంది. ఆమెకు చదవడం రాదు. వార్త మొత్తం చదివాను. ఆ పేరు లేదు. లేదని చెబితే కదలకుండా నిలబడి, "ఇంకోసారి చూడండి, చిన్న ఊరు" అంది. ఈసారి ఒక్కో లైను మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివాను. ఆమె నా వేలి వెంటే చూస్తూ నిలబడింది.