వీడియో గేమ్ షాపు: అమ్మకం లెక్క కొనుగోలు కౌంటర్ దగ్గరే మొదలవుతుంది

ప్రశ్న: నేను అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. మా ఆవిడకి ఈమధ్యే హెచ్-4 ఈఏడీ, అంటే హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి వచ్చింది. ఇద్దరికీ చిన్నప్పటి నుంచి వీడియో గేమ్‌ల పిచ్చి. పాతవీ కొత్తవీ అమ్మే చిన్న షాపు పెట్టాలని ఉంది. బిజినెస్ ప్లాన్ రాస్తున్నాం. ఏడాదికి అమ్మకం ఎంత వస్తుందో ఎలా అంచనా వెయ్యాలి?

జవాబు: ముందు వీసా సంగతి తేల్చేద్దాం. అది తేలకపోతే మిగతా లెక్కలన్నీ దండగ. హెచ్-1బీ మీద ఉన్న మనిషి కంపెనీలో వాటా పెట్టుకోవచ్చు, లాభంలో భాగం తీసుకోవచ్చు. కానీ ఆదివారం పూట సరదాకి కౌంటర్ వెనక నిలబడి నాలుగు గేమ్‌లు అమ్మిపెట్టినా అది అనుమతి లేని పని కిందికే వస్తుంది. జీతం తీసుకోలేదు కదా అనే వాదన మిమ్మల్ని కాపాడదు. మీ ఆవిడ సంగతి వేరు. 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం హెచ్-4 ఈఏడీ ఉన్నవాళ్ళు సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. పెట్టుబడి పెడితే ఈ-2 వీసా వస్తుందటగా అని చాలామంది అడుగుతారు. దానికి మన దేశంతో అమెరికాకి వాణిజ్య ఒప్పందం ఉండాలి. అలాంటి ఒప్పందం ఇండియాతో లేదు, భారత పౌరులకి ఆ దారి లేదు. షాపు పేరు ఆలోచించే ముందే ఒక గంట ఇమ్మిగ్రేషన్ లాయర్ ఫీజు పెట్టుకోండి.

ఇది అమ్మకం లెక్కకి సంబంధం లేని విషయం అనుకోకండి. షాపులో మీరు నిలబడలేరు కాబట్టి, మీ ఆవిడ లేని ప్రతి గంటకీ జీతగాడు కావాలి. ఊరి నుంచి వచ్చిన అలవాటు కొద్దీ మనవాళ్ళు "ఇంటిల్లిపాదీ కూర్చుంటాం, జీతాల ఖర్చు ఉండదు" అని రాసేస్తారు. మీ ప్లాన్‌లో ఆ వాక్యం ఉంటే కొట్టెయ్యండి.

ఇక అసలు ప్రశ్న. చాలా ప్లాన్‌లలో కనిపించే లెక్క ఇలా ఉంటుంది: ఈ ఊళ్ళో లక్షమంది ఉన్నారు, సగం మంది గేమ్‌లు ఆడతారు, వాళ్ళలో రెండు శాతం మన దగ్గరికి వచ్చినా వెయ్యిమంది, మనిషి ఏడాదికి మూడు వందల డాలర్లు ఖర్చు పెట్టినా మూడు లక్షలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ రెండు శాతం ఎక్కణ్ణించి వచ్చింది? గాలిలోంచి. దాన్ని నాలుగు చేస్తే అమ్మకం రెట్టింపు అవుతుంది, ఒకటి చేస్తే సగమవుతుంది, కాగితం మాత్రం ఏదీ తప్పనదు. ఇలాంటి లెక్కని నేను లెక్కగా ఒప్పుకోను.

గేమ్ షాపుకి లాభం ఎక్కడుందో ముందు చూడాలి. గేమ్‌స్టాప్ లాంటి పెద్ద కంపెనీ తన వార్షిక నివేదికల్లో ఈ వివరాలన్నీ బయటపెట్టింది. 2010ల మొదట్లోవి తీసి చదవండి, ఉచితమే. కొత్త కన్సోళ్ళ (గేమ్ ఆడే మెషీన్ల) మీద మార్జిన్, అంటే అమ్మిన ధరలో సరుకు ఖర్చు పోగా మిగిలేది, పది శాతానికి అటూ ఇటూ, కొత్త గేమ్‌ల మీద ఇరవై పైచిలుకు, పాత సరుకు మీద సగానికి కాస్త తక్కువ. వేల షాపులున్న వాళ్ళకే కన్సోల్ మీద అంత తక్కువ మిగిలితే, డిస్ట్రిబ్యూటర్ దగ్గర పదో ఇరవయ్యో పెట్టెలు కొనుక్కునే మనకి ఇంకా తక్కువ. షాపుని నిలబెట్టేది పాత సరుకు.

పాత సరుకుకి హోల్‌సేల్ కొట్టు ఉండదు. ఫోన్ చేసి ఆర్డర్ పెట్టలేం. ఇంట్లో అలమరలో పడున్న కన్సోల్‌ని సంచీలో వేసుకుని ఎవరో ఒకరు మన తలుపు తోసుకుని రావాలి. కాబట్టి "రోజుకి ఎంతమంది కొంటారు" కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న "రోజుకి ఎంతమంది మనకి అమ్ముతారు". ఈ వ్యాపారంలో అమ్మకాన్ని బిగించి పట్టుకునేది అదే.

అంకెలతో చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు, మీ ఊరివి మీరు వేసుకోండి. షాపులో ఎప్పుడూ 40,000 డాలర్ల పాత సరుకు ఉంటుందనుకుందాం, అంటే మనం కొన్న ధర ప్రకారం. ఆ సరుకు ఏడాదికి మూడు రొటేషన్లు తిరిగితే, అంటే మూడుసార్లు అమ్ముడై మళ్ళీ నిండితే, 1,20,000 డాలర్ల సరుకు అమ్ముడైనట్టు. సగటున అమ్మే ధరలో సగం పెట్టి కొన్నామనుకుంటే అమ్మకం 2,40,000, మిగిలేది 1,20,000. దీనికి కొత్త కన్సోళ్ళూ గేమ్‌లూ కలిపి 80,000 అమ్మకం, పన్నెండు శాతం చొప్పున 9,600 మిగులు. కంట్రోలర్లు, కేబుళ్ళు, రిపేర్లు, గీతలు పడ్డ డిస్కులు మెషీన్‌లో పాలిష్ చేసివ్వడం, ఇవన్నీ కలిపి 30,000, సగం మిగిలితే 15,000. మొత్తం అమ్మకం 3,50,000. చేతిలో మిగిలింది 1,44,600.

ఇప్పుడు ఖర్చులు. అద్దె, దాని మీద కామన్ ఏరియా ఛార్జీలు కలిపి నెలకి 4,000, ఏడాదికి 48,000. పార్ట్ టైమ్ జీతాలు, వాటి మీద పేరోల్ పన్నులు 36,000. కార్డు ఫీజులు మూడు శాతం అనుకుంటే 10,500. ఇన్సూరెన్స్, కరెంటు, ఇంటర్నెట్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, అలారం 14,000. దొంగతనాలూ పాడైన సరుకూ 5,000, ప్రచారం 3,000. అన్నీ పోగా మీ ఆవిడ కష్టానికి మిగిలేది 28,100, అదీ ఆదాయపు పన్నుకి ముందు. మూడున్నర లక్షల అమ్మకం అని పార్టీల్లో చెప్పుకోవచ్చు గానీ ఇంట్లోకి వచ్చేది ఇది.

ఇందులో ఒక్క అంకె మార్చి చూడండి. మూడు రొటేషన్లు రెండున్నర అయ్యాయనుకోండి. పాత సరుకు అమ్మకం 2,00,000కి దిగుతుంది. మిగులులో 20,000 పోయి, కార్డు ఫీజులో 1,200 ఆదా అవుతుంది. చివరికి మిగిలేది 9,300. అర రొటేషన్ తగ్గితే మూడింట రెండు వంతుల ఆదాయం మాయం. అదే ఇంకోవైపు, లక్ష డాలర్ల కన్సోళ్ళు అదనంగా అమ్మారనుకోండి. ఐదు శాతం మార్జిన్ ఉంటే వచ్చేది 5,000, అందులో మూడు వేలు కార్డు కంపెనీకే. అమ్మకం నాలుగున్నర లక్షలకి పెరిగింది, మీకు వచ్చింది రెండు వేలు. బ్యాంకు వాళ్ళ కోసం అమ్మకం అంకెని పెంచి చూపించాలనుకుంటే కన్సోళ్ళు బాగా పనికొస్తాయి. ఇంటి ఖర్చులకి పనికిరావు.

ఇప్పుడు కొనుగోలు కౌంటర్. 1,20,000 డాలర్ల సరుకు అమ్మాలంటే అంత సరుకూ కొనాలి, నెలకి పది వేలు. సంచీ తెచ్చిన మనిషికి సగటున నలభై డాలర్లు ఇస్తే నెలకి 250 మంది కావాలి. నెలకి ఇరవయ్యారు రోజులు తెరిస్తే రోజుకి దాదాపు పది మంది. వాళ్ళు రావాలి, మన రేటుకి ఒప్పుకోవాలి, తెచ్చింది మనకి పనికొచ్చే సరుకై ఉండాలి. ఏడాదికో వెర్షన్ వచ్చే పాత స్పోర్ట్స్ గేమ్‌లు యాభై తెస్తారు, అవి ఊరికే ఇచ్చినా అక్కర్లేదు. మీ ప్లాన్ చదివే తెలివైన బ్యాంకరు ఎవరైనా ఉంటే ఈ పది మంది ఎక్కణ్ణించి వస్తారని అడగాలి. అడక్కపోయినా మీరు రాయండి.

స్టోర్ క్రెడిట్ గురించి, అంటే సరుకు తెచ్చినవాళ్ళకి డబ్బు బదులు మన షాపులోనే వాడుకునేలా రాసిచ్చే మొత్తం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, కొత్తవాళ్ళ లెక్క చెడేది ఇక్కడే. క్యాష్ అయితే నలభై, క్రెడిట్ అయితే యాభై అయిదు అని చెప్తాం, చాలామంది క్రెడిట్ తీసుకుంటారు. గల్లాలోంచి డబ్బు కదల్లేదు కదా అని మనకి సంతోషం. కానీ ఆ క్రెడిట్ మనం వాళ్ళకున్న అప్పు. రేపు ఆ యాభై అయిదుతో కొత్త గేమ్ కొనుక్కుంటే బిల్లింగ్‌లో అమ్మకం పడుతుంది, డబ్బు రాదు, ఆ కొత్త గేమ్‌కి డిస్ట్రిబ్యూటర్‌కి మాత్రం మనం అచ్చంగా డబ్బే కట్టాలి. అందుకని అమ్మకం అంచనా పక్కనే ఇంకో వరస గియ్యండి: అందులో డబ్బుగా వచ్చేది ఎంత, క్రెడిట్‌గా పోయేది ఎంత. క్రెడిట్‌ని పాత సరుకు మీదే వాడాలనో, కొత్త కన్సోళ్ళ మీద వాడకూడదనో మొదటి రోజు నుంచే బోర్డు పెట్టండి. మధ్యలో పెడితే గొడవలవుతాయి. ఎవరికెంత క్రెడిట్ బాకీ ఉందో నెలాఖరున తీసి చూసుకోకపోతే లాభం గూబల్లోకి వస్తుంది.

ఏడాది అమ్మకాన్ని పన్నెండుతో భాగించకండి. నవంబర్, డిసెంబర్ నెలలది ఒక లోకం, మిగతాది ఇంకో లోకం. ఫిబ్రవరి, మార్చిలో టాక్స్ రిఫండ్లు వచ్చినప్పుడు మళ్ళీ ఒక ఊపు ఉంటుంది. పండగలు అయిపోయాక జనవరిలో అమ్మేవాళ్ళు బారులు తీరతారు, కొత్త కన్సోల్ వచ్చింది కాబట్టి పాతది వదిలించుకోవాలని. అంటే ఏడాది మొత్తంలో మంచి సరుకు దొరికే నెలలో మీ చేతిలో డబ్బుండాలి. డిసెంబర్ అమ్మకం డబ్బంతా అప్పులకీ బాకీలకీ కట్టేస్తే జనవరిలో సంచీలు వెనక్కి తిప్పి పంపాల్సి వస్తుంది.

మరి రొటేషన్ ఎంతో, సగటు బిల్లు ఎంతో షాపు పెట్టకముందే ఎలా తెలుస్తుంది? సగం దాకా తెలుసుకోవచ్చు. చుట్టుపక్కల రెట్రో (పాతకాలపు) గేమ్ షోలు, స్వాప్ మీట్లు (పాత సామాన్ల సంతలు) జరుగుతుంటాయి. వాటిలో టేబుల్ తీసుకుని మీ ఆవిడ పేరు మీదే నాలుగైదు వారాంతాలు అమ్మండి. ఏది ఎన్ని గంటల్లో పోయింది, ఏది ఇంటికి తిరిగొచ్చింది, సగటు బిల్లు ఎంత, ఎంతమంది "మా ఇంట్లో ఉన్నాయి, కొంటారా" అని అడిగారు, అన్నీ రాసుకోండి. ధరలకి ప్రైస్‌చార్టింగ్ (పాత గేమ్‌ల ధరలు చూపించే వెబ్‌సైట్), ఈబే రెండూ చూడండి, కానీ ఈబేలో అడుగుతున్న ధర కాదు, అమ్ముడైన ధర చూడాలి. కార్ట్రిడ్జ్‌లు కొనేటప్పుడు నకిలీలు గుర్తుపట్టడం ఈ షోల్లోనే నేర్చుకోండి, ముఖ్యంగా గేమ్‌బాయ్ అడ్వాన్స్ పోకెమాన్ గేమ్‌లు. నకిలీ కొంటే ఆ డబ్బు పోయినట్టే, తెలిసీ అమ్మితే ఇంకా పెద్ద తలనొప్పి.

లీజు మీద సంతకం పెట్టే ముందు సిటీ ఆఫీసులో సెకండ్‌హ్యాండ్ డీలర్ లైసెన్స్ గురించి అడగండి. చాలాచోట్ల పాత సరుకు కొనే షాపులు అమ్మేవాళ్ళ ఐడీ రాసుకోవాలి, వివరాలు పోలీసులకి పంపాలి, కొన్న సరుకుని కొన్నాళ్ళు అమ్మకుండా పక్కన పెట్టాలి. ఊరూరికీ రూలు వేరు. ముప్ఫై రోజులు పక్కన పెట్టాల్సిన ఊళ్ళో రొటేషన్ ఎంత తగ్గుతుందో పైన లెక్కలో పెట్టి చూడండి. పక్క సిటీలో అద్దె ఎక్కువైనా అదే గిట్టుబాటు కావచ్చు. సేల్స్ టాక్స్‌ని అమ్మకంలో కలపకండి, అది మీ డబ్బు కాదు. పాత డిస్కులు తిరిగి అమ్మడం చట్టబద్ధమేనా అనే టెన్షన్ అక్కర్లేదు, అసలైన కాపీ కొన్నవాడికి దాన్ని అమ్మే హక్కుని కాపీరైట్ చట్టమే ఇస్తోంది.

రెండో ఏడు, మూడో ఏడు అంచనాల్లో అన్ని వరసలకీ ఒకే పది శాతం పెంచడం నాకు నచ్చని అలవాటు. కొత్త గేమ్‌ల వరస కిందికే పోతుంది, డిస్కు పోయి డౌన్‌లోడ్ వస్తోంది కాబట్టి. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కి డిస్క్ డ్రైవే లేదు, 2024లో వచ్చిన పీఎస్5 ప్రోకి డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి. 2025లో నింటెండో స్విచ్ 2తో వచ్చిన గేమ్-కీ కార్డుల్లో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాలి. కార్డుని మళ్ళీ అమ్మొచ్చు కాబట్టి మనకి అదొక్కటే ఊరట. రెట్రో వరస వేరేగా కదులుతుంది. 2023 మార్చిలో నింటెండో పాత కన్సోళ్ళు 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ షాపుల్లో (ఈషాపుల్లో) అమ్మకాలు ఆపేశాక ఆ గేమ్‌లలో చాలావాటిని కొత్తగా కొనాలంటే పాత కార్ట్రిడ్జ్‌లో, డిస్కులో వెతుక్కోవాల్సిందే. అలాగని ధరలు పెరుగుతూనే ఉంటాయనుకోకండి. కోవిడ్ రోజుల్లో ఎక్కిన రెట్రో ధరలు ఆ తరవాత దిగాయి, పైధరకి కొని పెట్టుకున్నవాళ్ళ డబ్బు షెల్ఫుల్లో ఇరుక్కుంది. కార్డ్ గేమ్‌ల టోర్నమెంట్లు పెడితే జనం వస్తారు, నిజమే. కానీ దానికి టేబుళ్ళు, స్థలం, రాత్రి దాకా మనిషి కావాలి. ఆ అద్దెనీ జీతాన్నీ ఆ వరస మీదే వెయ్యండి.

ప్లాన్‌లో మూడు అంచనాలు రాయండి: రెండు రొటేషన్లకి, రెండున్నరకి, మూడుకి. రెండు రొటేషన్లకి నష్టం ఎంతో చూసి, అలాంటి ఏడాది ఒకటి తట్టుకునే డబ్బు విడిగా లేకపోతే ఐదేళ్ళ లీజు వద్దు. రెండేళ్ళకి అడగండి, తరవాత పొడిగించుకునే హక్కు మీకే ఉండేలా రాయించండి, వ్యక్తిగత హామీని కొన్ని నెలల అద్దెకి పరిమితం చెయ్యమని బేరమాడండి. మొదట కాదంటారు. ఖాళీ షట్టర్లు ఎక్కువున్న ప్లాజా అయితే చాలాసార్లు ఒప్పుకుంటారు.