డెట్రాయిట్ రెడ్ వింగ్స్ డ్రాఫ్ట్ నిజంగా బాగుందా?

"ఐజర్‌మన్ వచ్చాక డెట్రాయిట్ డ్రాఫ్టులు అద్భుతం అంటున్నారు, మరి టీమ్ ఎందుకు గెలవట్లేదు?" అని ఒకరు అడిగారు. ఐజర్‌మన్ అంటే 2019లో ఈ టీమ్‌కి జనరల్ మేనేజర్‌గా, అంటే ఆటగాళ్లను ఎంపిక చేసే పెద్దగా, వచ్చినాయన. నేను ఉండేది మిషిగన్‌లోనే. మా అబ్బాయి పుణ్యమా అని నాకూ ఈ ఐస్ హాకీ పిచ్చి పట్టింది కాబట్టి నా లెక్క చెబుతాను.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలంలా డబ్బుతో పాడుకునేది కాదు. ఎన్‌హెచ్‌ఎల్ అనే ఈ హాకీ లీగ్‌లో 32 టీములు, 7 రౌండ్లు, వంతులవారీగా పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను ఏరుకుంటారు. అడుగున ఉన్నవాళ్లకు లాటరీ వేసి ముందు వంతులు ఇస్తారు. ఆ లాటరీ 2020లో మనవాళ్లను నిలువునా ముంచింది. లీగ్‌లో ఆఖరున నిలిచినా దక్కింది 4వ పిక్కే, అంటే ఏరుకోవడానికి నాలుగో వంతు. దాంతోనే లూకస్ రేమండ్‌ని తెచ్చుకున్నారు, అది వేరే సంగతి.

డ్రాఫ్ట్ అయిన మర్నాడే ఇచ్చే ఏ ప్లస్, సి మైనస్ గ్రేడ్లను నేను చదవను. 2019లో 6వ పిక్‌గా తన పేరు పిలిచినప్పుడు జర్మనీ కుర్రాడు మోరిట్జ్ సైడరే నోరెళ్లబెట్టాడు. ఆ వీడియో చూడకపోతే చూడండి. చాలామంది జాబితాల్లో అతను అంత పైన లేడు. తర్వాత గ్రాండ్ ర్యాపిడ్స్‌లో డెట్రాయిట్ కింది టీమ్ గ్రిఫిన్స్‌కి ఆడేటప్పుడు రింక్ చుట్టూ ఉండే గ్లాస్ పక్కన కూర్చుని చూశాను: మూలన పడ్డ పక్ (హాకీలో బంతికి బదులు వాడే బిళ్ల) కోసం వెళ్తూ, దాన్ని అందుకునేలోపే భుజం మీదుగా వెనక్కి చూసి, ఎవరు మీదికొస్తున్నారో లెక్క వేసేసుకునేవాడు. 2022లో ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనిదే.

అయితే 4, 6 స్థానాల్లో మంచి ఆటగాడు దొరకడం గొప్పేం కాదు, దొరక్కపోతేనే తప్పు. 2018లో, ఐజర్‌మన్ రాకముందు, సరిగ్గా ఆ తప్పే జరిగింది: 6వ పిక్‌తో జడీనాని తీసుకున్నారు. వెంటనే 7వ పిక్‌తో వాంకూవర్ క్విన్ హ్యూస్‌ని ఎగరేసుకుపోయింది. హ్యూస్ అప్పుడు ఆడుతున్నది డెట్రాయిట్ పక్కనున్న యాన్ ఆర్బర్‌లో, అంటే పెరట్లోనే!

టీమ్ తత్వం బయటపడేది రెండో రౌండ్ నుంచి. తర్వాత పెద్ద స్టార్లయిన డాట్స్యూక్‌ని 1998లో 171వ పిక్‌తో, జెటర్‌బర్గ్‌ని 1999లో 210వ పిక్‌తో పట్టారని ఇక్కడివాళ్లు పురాణంలా చెబుతారు. అంతటివాళ్లవుతారని ముందే తెలిస్తే ఆరేడు రౌండ్ల దాకా ఎవరైనా ఆగుతారా? అందులో అదృష్టం పాలు చాలా ఉంది. నేను మెచ్చేది 1989 డ్రాఫ్ట్. లిడ్‌స్ట్రోమ్ 53వ పిక్, సోవియట్ ఆటగాళ్లు ఫెదరోవ్ 74, కాన్‌స్టాంటినోవ్ 221. సోవియట్ ఆటగాళ్లను అసలు బయటికి రానిస్తారో లేదోనని మిగతావాళ్లు జంకుతున్న రోజులవి. అలాంటప్పుడు నాలుగో రౌండ్‌లోనే ఫెదరోవ్ మీద పిక్ ఖర్చుపెట్టారు. దాన్నంటాను తత్వం అని.

ఐజర్‌మన్ కూడా అంతకుముందు టాంపా టీమ్‌కి జనరల్ మేనేజర్‌గా ఉండగా కుచెరోవ్‌ని 58వ పిక్‌తో, పాయింట్‌ని 79వ పిక్‌తో, పలాట్‌ని 208వ పిక్‌తో తెచ్చినవాడే. డెట్రాయిట్‌లో ఆలస్యపు వంతుల్లో అంతటి ఆణిముత్యాన్ని పట్టడం నాకింకా కనబడలేదు. పైగా మొదటి రౌండ్‌లో కాస్పర్, డానియల్‌సన్ లాంటి, దాడిలోనూ డిఫెన్స్‌లోనూ ఒద్దికగా ఆడే సెంటర్ల (మధ్యలో ఆడే ఫార్వర్డ్‌ల) మీదే మొగ్గు. వాళ్లు చెడ్డ ఆటగాళ్లని కాదు, కానీ స్కోరు బోర్డుని ఒంటిచేత్తో మార్చే రకం కాదు. 2017 నుంచి 2025 దాకా ప్లేఆఫ్స్ మొహం చూడకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఇక 2021 సంగతి. గోలీ (గోల్‌కీపర్) కొస్సా కోసం 15వ స్థానానికి ఎక్కడానికి డాలస్ టీమ్‌కి 23, 48, 138 పిక్‌లు ఇచ్చేశారు. ఆ 23తో డాలస్ వయట్ జాన్‌స్టన్‌ని తీసుకుంది. గోలీ మీద మొదటి రౌండ్ పిక్ పెట్టడాన్ని నేను తప్పుపట్టను, టాంపాలో వాసిలెవ్‌స్కీ కూడా 19వ పిక్కే. కానీ అందుకు అదనంగా రెండు పిక్‌లు సమర్పించుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.