బోర్డు సరేనండి, ముందు మూల మీద అడ్డం తీయించండి

మా వీధి నాలుగు రోడ్ల కూడలిలో బళ్ళు జోరుగా పోతున్నాయి, ఆగుము బోర్డు పెట్టించమని పంచాయతీని అడగొచ్చా అన్నారు. జోరు తగ్గించడానికైతే వద్దండి. డాలస్‌లో ఉన్న మా బావమరిది చెప్పాడు, స్పీడు తగ్గించడానికి స్టాప్ బోర్డు వాడకూడదని అమెరికా వాళ్ళ రూలు పుస్తకంలోనే ఉందట. అక్కడ నాలుగు వైపులా బోర్డులుంటే ముందొచ్చి ఆగినవాడు ముందు పోతాడు. మన రావులపాలెం సెంటర్లో ముందెవరొచ్చారో తేలేసరికి సంక్రాంతి వచ్చేస్తుంది.

నాకు జరిగింది చెప్తాను. అంబాజీపేట దగ్గర మా ఊళ్ళో కాలవ గట్టు రోడ్డులో ఓ పుంత, అంటే పొలాల్లోంచి వచ్చే మట్టిబాట, వచ్చి కలుస్తుంది. ఆ మూల మీద మనిషెత్తు కొబ్బరి డొక్కల రాశి, పక్కనే ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ. నాలుగేళ్ళ కిందట తెల్లారగట్ట మోపెడ్ మీద గట్టెంట వస్తున్నాను. సైకిలుకి అటు రెండు, ఇటు రెండు అరటి గెలలు కట్టుకుని మార్కెట్‌కి పోతూ ఓ పెద్దాయన పుంతలోంచి ఎక్కాడు. నాకు ఆయన కనబడలేదు, గెల కనబడింది, అదీ హ్యాండిల్‌కి తగిలాక. బండి జారి కాలవ వైపు పోయింది, నేను రేవు మెట్ల మీద ఆగాను. మోచెయ్యి గీరుకుపోయింది. ఆయనే లేపి మట్టి దులిపి, "గట్టిగా తగిలిందా బాబూ?" అన్నాడు. లేదనగానే గెలలు తిప్పి చూసుకుని, "చక్కెరకేళి అండి, కమిలితే ఎవడూ ముట్టుకోడు" అన్నాడు. రెండు గెలల డబ్బులిచ్చి ఇంటికి తెచ్చాను. పండాక వారం రోజులు అవే టిఫిను.

తర్వాత పంచాయతీ వాళ్ళు పుంత వైపు ఎర్రది, ఎనిమిది పలకల బోర్డు పాతారు. సరైన చోటే. అక్కణ్ణించి గట్టు కనబడదు, చూడాలంటే బండి ఆపాల్సిందే. ఆగుము బోర్డు అలాంటి చోటికే, అదీ చిన్నరోడ్డు వైపే. అన్నీ కనబడే కూడలికి తలకిందుల త్రిభుజం చాలు, పెద్దరోడ్డు బండికి దారిమ్మని. అక్కడా ఆగుము పాతితే ఎవడూ ఆగడు, ఆ అలవాటు మా పుంత దాకా వస్తుంది.

స్పీడు బ్రేకర్లంటారా, మా ఊళ్ళో ఎవడింటి ముందు వాడు సిమెంటు గట్టు పోసుకుంటాడు. తెల్లగీత ఉండదు, రాత్రిపూట నడుం విరుగుతుంది.

ఇంతకీ ఆ బోర్డు పాతిన రెండు నెలలకి దాని గొట్టానికే ఇంకో ఫ్లెక్సీ కట్టారు. డొక్కల రాశి మాత్రం కదల్లేదండి.