ఆ ఇంజెక్షన్‌కు ముందు విటమిన్ డి చూడాలి

ప్రశ్న: మా అమ్మకు 47 ఏళ్ళు. పెళ్ళయినప్పటి నుంచీ ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. ఏడాదిన్నరగా నడుము, తొడలు, పక్కటెముకల్లో ఒకటే నొప్పి. కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేదు. బస్సెక్కాలంటే ఎవరైనా పట్టుకోవాలి. ఎముకల సాంద్రత పరీక్ష చేసి ఆస్టియోపోరోసిస్ అన్నారు. ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ రాశారు. వేయించాలా? అమ్మ చిన్నప్పటి నుంచి ఫిట్స్‌కు ఫెనిటాయిన్ మాత్రలు వాడుతోంది. వేరే జబ్బులేవీ లేవు.
– ఒక కూతురు, మెట్‌పల్లి

జవాబు: ఇప్పుడే వేయించకండమ్మా. ముందు రక్తపరీక్షలు కావాలి.

ఆస్టియోపోరోసిస్‌లో ఎముక పలచబడుతుంది. విరిగేదాకా సాధారణంగా నొప్పి ఉండదు. మీ అమ్మగారికి ఒళ్ళంతా ఎముకల నొప్పి, పైగా తొడల్లో బలం లేదు. నాకు ఇది ఎముక మెత్తబడే జబ్బులా కనిపిస్తోంది. దాన్ని ఆస్టియోమలేసియా అంటారు. చువ్వలు కట్టి సిమెంటు సరిగ్గా పోయని స్లాబును ఊహించుకోండి. ప్రొటీన్ అల్లిక ఉంటుంది, దానిమీద చేరాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్ చేరవు. సాంద్రత పరీక్ష ఖనిజం ఎంత ఉందో మాత్రమే కొలుస్తుంది. అందుకే రెండు జబ్బుల్లోనూ అంకె తక్కువే వస్తుంది.

తేడా తెలుసుకోకుండా ఆ ఇంజెక్షన్ ఇస్తే ప్రమాదం. అది ఎముకలోంచి కాల్షియం బయటకు రాకుండా ఆపుతుంది. విటమిన్ డి బాగా తక్కువగా ఉన్న మనిషికి రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి వేళ్ళు కొంకర్లు పోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. ముందే ఫిట్స్ ఉన్న మనిషి కదా, నా భయం అదే.

మీరు చివర్లో రాసిన మాత్ర సంగతి నా దృష్టిలో చాలా ముఖ్యం. ఫెనిటాయిన్ ఏళ్ళ తరబడి వాడితే కాలేయంలో విటమిన్ డి త్వరగా ఖర్చయిపోతుంది. దానికి తోడు పగలంతా ఇంట్లోనే పని. అలాగని మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. మార్చాలా వద్దా అన్నది నరాల డాక్టరు చెప్పాలి.

25-హైడ్రాక్సీ విటమిన్ డి, కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథార్మోన్, క్రియాటినిన్ చేయించండి. విటమిన్ డి 12 నానోగ్రాముల లోపు ఉండి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి ఉంటే నా అనుమానానికి బలం చేకూరినట్టే. విటమిన్ డి బాగానే ఉండి ఫాస్ఫరస్ ఒక్కటే తగ్గితే కారణం వేరే వెతకాలి, కిడ్నీల నుంచి పోతోందేమో చూడాలి.

లోపం తేలితే సాధారణంగా విటమిన్ డి వారానికి 60,000 యూనిట్ల చొప్పున 8 వారాలు ఇస్తారు, ఫెనిటాయిన్ వాడేవారికి ఇంకా ఎక్కువ అవసరం పడవచ్చు. తోడుగా కాల్షియం తప్పనిసరి. కాల్షియం మాత్రకూ ఫిట్స్ మాత్రకూ కనీసం రెండు గంటల తేడా ఉంచండి. ఈ విటమిన్ డి మోతాదును డాక్టరు చెప్పినన్ని వారాలే వాడాలి. బాగుందని నెలల తరబడి కొనసాగించి, వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకంతో వచ్చేవాళ్ళున్నారు. అది కాల్షియం హద్దు దాటిన లక్షణం.

రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. అన్నం, పచ్చిపులుసుతో అది రాదు. వంద గ్రాముల తైదల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి అంబలి, రొట్టె మంచివే. పాలు, పెరుగు, నువ్వులు చేర్చండి. విటమిన్ డి మాత్రం తిండిలో దొరికేది చాలా తక్కువ. పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే చాలనుకుంటారు, ఆ ఎండలో పనికొచ్చే కిరణాలు పెద్దగా ఉండవు. బీడీల చాటను పదకొండింటికి ఓ అరగంట వాకిట్లోకి తెచ్చుకోమనండి, చేతులకూ కాళ్ళకూ ఎండ తగలాలి. వేసవిలో అయితే అంతసేపు వద్దు.

నొప్పి కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. తొడల్లో బలం రావడానికి నెలలు పడుతుంది, ఈలోగా ఆమెను తొందరపెట్టకండి. అడుగు వేసినప్పుడు గజ్జల్లో నొప్పి ఉంటే మాత్రం ఈ వారమే తుంటి ఎక్స్‌రే తీయించండి, మెత్తబడిన తొడ ఎముకలో పగులు అలాగే బయటపడుతుంది.