ఎంపీహెచ్ చదివి క్యాజువాల్టీలో రిజిస్టర్లు రాయాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తి చేసింది. ఆసుపత్రులకు వచ్చే గాయాల వివరాలు సేకరించి ప్రమాదాలు తగ్గించే పనిలోకి వెళ్తానని, అందుకు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేస్తానని అంటోంది. మేం హెల్త్ డేటా అనలిటిక్స్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏది మేలు?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కోర్సుల పేర్లు మారినా ఇలాంటి ఉత్తరాల్లో భయం ఒక్కటే సార్. "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని బంధువులు అడిగితే గొప్పగా చెప్పుకోవడానికో పేరు కావాలి. అందుకోసం పిల్ల దారి మార్చకండి.

ఆరు నెలల్లో అనలిస్టును చేస్తామనే సంస్థల మీద నాకు నమ్మకం తక్కువ. అక్కడ చేతికిచ్చే డేటా అన్ని గళ్లూ నిండి, శుభ్రంగా ఉంటుంది. మన క్యాజువాల్టీల్లో ఎంఎల్‌సీ రిజిస్టర్ (పోలీసు కేసయ్యే గాయాలు రాసే పుస్తకం) తెరిస్తే చాలాచోట్ల 'ఆర్‌టీఏ', అంటే రోడ్డు ప్రమాదం, అన్న ముక్కే కనిపిస్తుంది. బండి మీదున్నాడా, నడుస్తున్నాడా, హెల్మెట్ ఉందా, ఏ జంక్షన్ దగ్గర, ఎన్ని గంటలకు... ఇవేవీ ఉండవు. పోలీసు కేసుకు ఆ ముక్క చాలు మరి. అసలు రాయనిదాన్ని ఏ సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది?

మీ అమ్మాయి చెప్పే పని అక్కడే మొదలవుతుంది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి తెచ్చిన మార్గదర్శకాల్లో తప్పనిసరిగా రాయాల్సినవి కొన్నే: వయసు, ఆడా మగా, ఎక్కడ, ఏం చేస్తుండగా, దేనివల్ల, కావాలని జరిగిందా, ఏ గాయం. ఒక్క పేజీలో పట్టేస్తాయి. రాత్రి రెండింటికి, రక్తం కారుతున్న మనిషి పక్కన నిలబడ్డ నర్సు చేత ఆ పేజీ నింపించడమే అసలు విద్య. బెంగళూరులో మెదడు, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్, ఆసుపత్రులనూ పోలీసులనూ కలుపుకుని ఇలాంటి పని చేసింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లోనే 1,68,491 మంది పోయారు. కాలిన గాయాలు, పురుగుమందు, నీళ్లలో మునగడం వేరే. ఫిజియో వార్డులో మంచం పట్టినవాళ్లను చూసిన పిల్ల, వీళ్లు ఇక్కడిదాకా రాకుండా ఏం చేయాలని ఆలోచిస్తుంటే మీకు టెన్షన్ ఎందుకండీ?

ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు కాంట్రాక్టులే, దాచను. మొదట్లో జీతం మీకు ఆనదు. కానీ ఖాళీగా కూర్చోదు. గణాంకాలు ఎంపీహెచ్‌లోనూ నేర్పుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ప్రజారోగ్య విద్యాసంస్థ ఐఐపీహెచ్, తిరువనంతపురం శ్రీచిత్ర వైద్య సంస్థల నోటిఫికేషన్లలో అర్హతలు చూడండి. ఫీల్డ్‌వర్క్ ఎక్కడ చేయిస్తారో అడిగాకే ఫీజు కట్టండి.

ఈలోగా సూపరింటెండెంట్ అనుమతి తీసుకుని, మీ ప్రభుత్వాసుపత్రి క్యాజువాల్టీలో ఓ వారం ఉండనివ్వండి, నైట్ డ్యూటీతో సహా. వద్దనిపిస్తే తనే చెబుతుంది. అప్పుడు మీ అనలిటిక్స్ సంగతి మాట్లాడదాం.