ఆ ఏడు వందల్లో బియ్యం ఉన్నాయా?

"2016లో, పెళ్లయిన కొత్తలో, పాలు, కూరగాయలతో కలిపి మా ఇద్దరికీ నెల సరుకులకు 4,500 అయ్యేది. ఇప్పుడు అమ్మానాన్న, ఇద్దరు పిల్లలతో ఆరుగురం. 19,000 అవుతోంది. మా అమ్మ ఏడుగురున్న ఇంటిని 700తో నడిపేది. రోజూ లెక్క రాయమన్నానని నా భార్య మాట్లాడటం మానేసింది. అసలు ఆరుగురికి ఎంత అవ్వాలి?" అని విజయవాడ నుంచి ఒకాయన అడిగారు.

మీరడిగింది చిన్న లెక్క. ముందు అది తేల్చేద్దాం. అప్పుడు మనిషికి 2,250, ఇప్పుడు 3,170 లోపు. 2023-24లో కేంద్రం చేసిన గృహ వినియోగ సర్వే ప్రకారం పట్టణాల్లో మనిషికి నెల ఖర్చు 6,996 రూపాయలు, అందులో తిండికి దాదాపు 40 శాతం. ఆరుగురికి లెక్కేస్తే పదహారున్నర వేల పైనే. ఆ సర్వే తర్వాత, 2024 సెప్టెంబరులో, దిగుమతి నూనెల మీద సుంకం పెంచారు. ప్యాకెట్ మీరే కొని ఉంటే గుర్తుండేది. నలుగురికి వండిన పప్పు కాస్త పలచన చేస్తే ఆరుగురికి వస్తుంది. పాల ప్యాకెట్ రాదు. నాన్నగారికి షుగర్ కాబట్టి జొన్న రొట్టె వేరే, పిల్లల డబ్బాలు వేరే. మీ ఆవిడ దుబారా మనిషి కాదు. ఈ లెక్క ఇంతటితో సరి.

ఇక ఆ 700. అది ఏ సంవత్సరం మాటో మీరు రాయలేదు కానీ, నాన్నగారు మూడెకరాలు కౌలుకిచ్చి మీ దగ్గరికి వచ్చారని రాశారు. (కౌలు డబ్బు ఎటు పోతోందో రాయలేదు, నేనూ అడగను.) అంటే సొంత వడ్లు మర పట్టించుకుని తిన్న ఇల్లు. వరి కోతల ముందు చల్లిన మినుములు, పాకలో గేదె, పెరట్లో ఆనపపాదు. కొట్లో కొన్నది ఉప్పు, పంచదార, టీపొడి, సబ్బులు. ఆ చీటీకి 700. మీ ఆవిడ కరివేపాకు కూడా కొనుక్కోవాలి.

అమ్మగారిని నేను తప్పు పట్టను. అరవై ఏళ్లు దాటాక సొంత వంటిల్లు వదిలి కోడలి వంటింట్లో కూర్చున్న మనిషి, ఒకప్పుడు తాను ఇల్లెలా నడిపిందో చెప్పుకుంటోంది. చెప్పుకోనివ్వండి. "అమ్మా, అప్పుడు బియ్యం కొన్నామా ఏంటి?" అని మీరు నవ్వుతూ ఒక్క మాట అంటే సరిపోయేది. ఈ వయసులో కూడా అమ్మకు ఎదురు చెప్పలేక, ఆ మాట మోసుకెళ్లి భార్య మీద పడేశారు. మీ ఇంట్లో తేడా వచ్చింది మీకూ మీ అమ్మగారికీ మధ్య. ఆ జంకు ఖరీదు మాత్రం మీ భార్య కడుతోంది.

పెద్దవాళ్లను దగ్గర పెట్టుకోవడం కొడుకు విధి, అందులో నాకు రెండో మాట లేదు. మీరు తెచ్చుకున్నారు, సంతోషం. రొట్టెలు చేస్తున్నది మాత్రం ఆవిడ. చేసే మనిషిని గుమాస్తాలా లెక్క అడిగితే మాట్లాడటం మానేయక ఏం చేస్తుంది? మా అమ్మ పోపుల డబ్బాలో దాచుకున్న నోట్లు మా నాన్న కంట పడకపోలేదు. ఎప్పుడూ అడగలేదు.

ఒకటో తారీఖున ఇరవై వేలు మీ ఆవిడ చేతిలో పెట్టండి, లెక్క మాట మళ్లీ ఎత్తకండి. ఆదివారం రైతుబజారుకు సంచీ పట్టుకుని మీరే వెళ్లండి, అమ్మగారిని వెంట తీసుకెళ్లండి. బేరం ఆవిడనే ఆడనివ్వండి, కిలో కందిపప్పు ఎంతో ఆవిడే వింటారు. బిల్లులు ఫొటో తీసి మీ ఆవిడకు ఫోన్‌లో పంపుతున్నానని రాశారే, అది మాత్రం ఆదివారం దాకా ఆగకండి, ఈ పూటే మానేయండి.