బాత్రూం మూల వదలని ల్యాబ్రడార్: నాలుగో రోజుకే బెంగపడకండి

మీ ప్రశ్న చదివాను. బ్రీడర్ దగ్గర పిల్లల కోసమే ఉంచేసిన ఐదారేళ్ళ ఆడ ల్యాబ్రడార్‌ని కుక్కల్ని కాపాడే రెస్క్యూ వాళ్ళ నుంచి ఫోస్టర్‌కి, అంటే దత్తత కుదిరేదాకా చూసుకోవడానికి తెచ్చుకున్నారు. నాలుగు రోజులైనా బాత్రూం మూల వదలదు, హాల్లో టైల్స్ మీద కాలు పెట్టదు, తోక ఊపదు. గిన్నె పెడితే మాత్రం నిమిషంలో ఖాళీ. అత్తగారికి ఇష్టం లేదు, అపార్ట్‌మెంట్ వాళ్ళు లిఫ్ట్ ఎక్కించొద్దంటున్నారు. అలవాటయ్యాక వేరేవాళ్ళకి ఇచ్చేస్తే పాపం కాదా అని కూడా అడిగారు. మా ఇంటికీ ఇలాంటి నేపథ్యం నుంచే మల్లి అనే ల్యాబ్ ఫోస్టర్‌కి వచ్చింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

తింటోంది కదా అన్న ధీమా వద్దండీ. ల్యాబ్ తిండిని బట్టి దాని మనసు చెప్పలేం. 2016లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్ళు ఈ జాతి కుక్కల మీద పరిశోధన చేసి, సుమారు నాలుగింట ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లేదని తేల్చారు. ఆ లోపం ఉన్నవాటికి ఆకలి తీరినట్టే ఉండదట. దానికి తోడు మీ పిల్ల ఇన్నేళ్ళూ పక్కవాటితో పోటీపడి తిని ఉంటుంది. భయంతో వణుకుతూ కూడా తినేస్తుంది. అదే ల్యాబ్ తిండి మానేసిందంటే మాత్రం రేపటిదాకా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

నేను చూసేది నిద్ర. మల్లి మొదట్లో వాషింగ్ మెషిన్‌కీ గోడకీ మధ్య దూరి, వీపు గోడకి ఆనించి, కూర్చునే కునుకు తీసేది. ఎవరు నీళ్ళు తాగడానికి లేచినా కళ్ళు తెరిచేది. తర్వాత తర్వాత ముడుచుకుని పడుకోవడం వచ్చింది. కొన్ని వారాలు పోయాక ఒక మధ్యాహ్నం ఫ్యాన్ కింద పక్కకి వాలి, నాలుగు కాళ్ళూ బారజాపి, గుర్రు పెడుతూ కలలో పాదాలు ఆడించింది. తోక ఊపడం అప్పటికింకా మొదలే కాలేదు. మీరూ తోక సంగతి వదిలేసి నిద్ర గమనించండి.

అయితే అంతకంటే ముందు చేయాల్సింది రక్తపరీక్ష. మూల నుంచి కదలకపోతే భయమనే అనుకుంటాం, కానీ అలాంటి చోట్ల నుంచి వచ్చినవాటికి గోమార్లు మామూలు, వాటితో టిక్ ఫీవరూ మామూలే. ఆ జ్వరం తెచ్చే ఎర్లికియా, బబీసియా అనే క్రిములు రెండూ మన దగ్గర ఎక్కువ. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చిగుళ్ళు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కారుతుంది. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి, గులాబీ రంగులో ఉండాలి. ఒళ్ళు వేడిగా ఉందని చేత్తో తాకి చెప్పకండి, కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే. రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీతో పాటు టిక్ ఫీవర్ పరీక్ష కూడా అడగండి. ఎర్లికియా అని తేలితే సాధారణంగా నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ ఇస్తారు. రెండో వారానికే హుషారు రాగానే చాలామంది ఆపేస్తారు, ఆపొద్దు. కుంటుతోందని మన ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేయడం అసలే వద్దు, ఐబూప్రొఫెన్ లాంటివి కుక్కలకి చేటు చేస్తాయి.

టైల్స్ విషయానికొస్తే, అది మొండితనం కాదు. సిమెంటు గచ్చు మీదే బతికిన కుక్కకి నున్నటి నేల కాళ్ళ కింద జారిపోతుంటే ఎలా ఉంటుందో ఊహించండి. మల్లి మోచేతుల దగ్గర బూడిదరంగులో కాయలు కాచి ఉండేవి, వెంట్రుక లేకుండా ఏనుగు తోలులాగా. మెత్తటి పరుపు వేస్తే దాని మీదకే రాలేదు, అదేమిటో తనకి తెలియదు మరి. పాత యోగా మ్యాట్ రెండు ముక్కలు చేసి, గోనె పట్టాలు కలిపి, వాష్ ఏరియా నుంచి హాలు దాకా బాటలా పరిచాం. పిలవలేదు, లాగలేదు. బాట పొడుగునా చికెన్ ముక్కలు వేసి మా పనిలో మేమున్నాం. రాత్రి అందరం పడుకున్నాక తనే వచ్చి తిని వెళ్ళేది. గోళ్ళు పెరిగి ఉంటే ముందు కత్తిరించండి, సగం జారుడు దానితోనే తగ్గుతుంది. అరికాళ్ళ మధ్య వెంట్రుకలు కూడా.

కొత్త ఇంట్లో కుక్క కుదురుకోవడానికి రెస్క్యూ వాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు. ఇంట్లో పెరిగి వీధిన పడ్డ కుక్కకైతే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. ఇల్లే ఎరగని కుక్కకి సరిపోదని నా అభిప్రాయం. వీటికి కుక్కర్ విజిల్ కొత్త, మిక్సీ కొత్త, కాలింగ్ బెల్ కొత్త, మెట్లు కొత్త. మా ఇంట్లో మొదటి విజిల్‌కే మల్లి ఉన్నచోటే పాసు పోసేసింది. ఆ తర్వాత నుంచి కుక్కర్ పెట్టినప్పుడల్లా వంటింటి తలుపు వేసి, తన దగ్గర నాలుగు తిండి గింజలు వేసేవాళ్ళం. స్టీలు గిన్నె గచ్చు మీద గీసుకునే చప్పుడుకి కూడా ఉలిక్కిపడేది, ప్లాస్టిక్ టబ్బుకి మారాం. ఇంకో చిట్కా: గబగబా మింగే ల్యాబ్‌కి పాత ఇడ్లీ ప్లేటు గుంటల్లో అన్నం మెత్తి పెట్టండి. నాకుతూ తినడానికి టైం పడుతుంది, పొలమారదు కూడా. నాకడం వాటికి ఊరట కూడాను.

బాత్రూంలోనే పాసు పోసుకుంటుందేమో, మీరు రాయలేదు. బోనులో ఉన్నవి పడుకున్న చోటే కానివ్వడం అలవాటు పడతాయి, అరిచి లాభం లేదు. తిన్నాక, నిద్ర లేచాక కిందకి తీసుకెళ్ళి ప్రతిసారీ ఒకే చోట నిలబడండి. లీష్ రెండు కట్టండి, ఒకటి మెడ బెల్టుకి, ఒకటి ఛాతీకి వేసే హార్నెస్‌కి. భయపడ్డ కుక్క వెనక్కి గుంజితే బెల్టు తలమీదుగా ఊడిపోతుంది, ఒకసారి పరుగందుకుంటే పేరు కూడా తెలియని కుక్కని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఫోన్ నంబరు ఉన్న ట్యాగ్ ఇవాళే వేయండి. ఎండాకాలం కాబట్టి పొద్దున్నే, మళ్ళీ చీకటి పడ్డాకే. ఒత్తు బొచ్చు కదా అని గుండు మాత్రం కొట్టించకండి.

ఇక్కడ ఒక సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. కొన్నాళ్ళకి మా ఇంట్లో చెప్పులు మాయమవడం మొదలైంది. వెతికితే మంచం కింద మల్లి. మా పాప రబ్బరు చెప్పులు, రెండు చేతిరుమాళ్ళు పొట్ట దగ్గర పెట్టుకుని నాకుతోంది, దగ్గరకెళ్తే సన్నగా గుర్రుమంది. చనుకట్టు ఉబ్బి పాలు కూడా దిగాయి. దాన్ని ఉత్తుత్తి గర్భం అంటారు, ఎదకొచ్చి వెళ్ళిన ఓ రెండు నెలలకి ఇలా వస్తుంటుంది. పాలు పిండొద్దు, పిండితే ఇంకా దిగుతాయి. చెప్పులు లాక్కోవద్దు, నడకకి తీసుకెళ్ళినప్పుడు మెల్లగా తీసేయండి. రెండు మూడు వారాల్లో సర్దుకోకపోతే డాక్టర్ మందు ఇస్తారు. ఆపరేషన్ చేయించే ముందు ఇది పూర్తిగా తగ్గనివ్వాలి, లేకపోతే ఆ లక్షణాలు సాగుతాయి. ఆపరేషన్ మాత్రం తప్పకుండా చేయించాలి, ఈ వయసులో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఎక్కువ.

మీ అత్తగారి గురించి. బతిమాలకండి, తిండి పెట్టే పని ఒకటి ఆవిడకే అప్పగించి చూడండి. మా అత్తగారు "నా మడి ఏం కావాలి" అని మొదలుపెట్టి, పెరుగన్నం తనే కలిపి పెట్టేదాకా వచ్చారు. ఒక్కటే జాగ్రత్త: చక్కెర పొంగలిలో కిస్‌మిస్, పులుసులో ఉల్లి, వెల్లుల్లి కుక్కకి విషంతో సమానం. ప్రసాదమే కదా అని పెట్టేస్తారు, ముందే చెప్పి ఉంచండి.

లిఫ్ట్ సంగతి తేలిక. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెంపుడు జంతువులని లిఫ్ట్‌లోకి రానివ్వకుండా అసోసియేషన్లు అడ్డుకోకూడదని ఉంది. ప్రింట్ తీసి, రేబిస్ టీకా సర్టిఫికెట్ కాపీతో కలిపి సెక్రటరీగారికి ఇవ్వండి. వాదన పెట్టుకోకండి. రద్దీ లేనప్పుడు ఎక్కండి, కుక్కని మూలకి నిలబెట్టి తలుపుకీ దానికీ మధ్య మీరు నిలబడండి.

ఇక ఇచ్చేయడం. కొత్తచోట మళ్ళీ కొన్నాళ్ళు బెదురుతుంది, అబద్ధం చెప్పను. కానీ మల్లి విషయంలో అది మా దగ్గర పట్టినంత కాలం పట్టలేదు. మెట్లు, బెల్లు, విజిలు, లీష్ తనకి అప్పటికే తెలుసు. దత్తత తీసుకునేవాళ్ళు ముందు మీ ఇంటికి రెండు మూడుసార్లు వచ్చి కూర్చునేలా చూడండి. పంపేటప్పుడు తన దుప్పటి ఉతక్కుండా ఇవ్వండి, తినే తిండే ఓ వారానికి సరిపడా కట్టివ్వండి. దేనికి బెదురుతుందో దాచకుండా రాసివ్వండి. మల్లి చేతికర్ర పట్టుకున్న మగవాళ్ళని చూస్తే నేలకి కరుచుకుపోయేది. అది రాయకపోతే ఇంట్లో తాతగారు ఉన్నవాళ్ళు తీసుకెళ్ళి, నెలకే తిరిగి తెచ్చేవారు. మందుల ఖర్చు మీదా, రెస్క్యూ వాళ్ళదా అన్నది కూడా ఇప్పుడే వాట్సాప్‌లో రాయించుకోండి, తర్వాత మొహమాటం అవుతుంది.

రేపు పరీక్ష చేయించి, ప్లేట్‌లెట్లు ఎంత వచ్చాయో ఇక్కడే రాయండి. ఎదకొచ్చి ఎన్నాళ్ళయిందో రెస్క్యూ వాళ్ళకి తెలిస్తే అది కూడా.